కొత్త మందు – దాని పరీక్ష

(పంచాయతి సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



మంచినీటి బావి, వీధి దీపము, బడి కప్పు, మురుగు కాలువ మొదలైనవానిని గురించి చర్చించుట మీకు నిత్యకృత్యము. నేడు మేము మీ యెదుట ఉంచబోవు విషయము వానికి దూరమైనదిగా తోచవచ్చును. నయముకాని ఒక జబ్బునకు కొత్త మందు కనిపెట్టినప్పుడు, అది నిజముగా పనిచేయునో లేదో ఏ విధముగా తేల్చెదరు? ఆ పరీక్షలో పాల్గొను రోగికి గల హక్కులు ఏవి? అట్టి రోగి మీ గ్రామమున ఉన్నచో మీరు చేయదగినదేమి? ఇవియే మా ప్రసంగ విషయములు.

ఊరిలో ఎవరికి పెద్ద జబ్బు వచ్చినను ఆ కుటుంబమువారు ముందుగా సలహా అడుగునది మిమ్ములనే. పొలము అమ్ముదమా, పట్నము పోదమా, ఈ కాగితము మీద వేలిముద్ర వేయుదమా అని వారు అడిగినప్పుడు మీరు చెప్పు మాటపై ఒక సంసారపు గతి ఆధారపడి యుండును. కావున ఈ సంగతి మీకు తెలిసి యుండుట అవసరము.

వ్యాధి ఎట్టిది?

మోటార్ న్యూరాన్ వ్యాధిని ఉదాహరణముగా తీసికొందము. మెదడు ఇచ్చు ఆజ్ఞలను వెన్నుపాము ద్వారా కండరములకు చేర్చు నాడీకణములు మన శరీరమున కలవు. వీనిని మోటార్ న్యూరాన్లు అందురు. కాలువ పూడిపోయినచో చెరువు నిండుగా ఉన్నను పైరు ఎండిపోవును గదా! అట్లే ఈ కణములు ఒక్కొక్కటిగా నశించినచో, మెదడు ఆజ్ఞ ఇచ్చినను కండరము కదలదు. కదలిక లేని కండరము క్రమముగా క్షీణించిపోవును.

మొదట చేతినుండి చెంబు జారిపోవుట, చొక్కా బొత్తాములు పెట్టుకొనలేకపోవుట, నడచునప్పుడు పాదము ఈడ్చుట, మాట ముద్దగా వచ్చుట, మ్రింగుట కష్టమగుట వంటి లక్షణములు కనబడును. తుదకు ఊపిరి తీయు కండరములు కూడ బలహీనపడును. పెక్కుమందిలో తెలివి మాత్రము చెడదు; తనకు జరుగుచున్నదంతయు రోగికి తెలియుచునే యుండును. ఈ వ్యాధిలో ఎక్కువగా కనబడు రకమును ఎ.ఎల్.ఎస్. అందురు. ఫ్రాన్సు దేశపు వైద్యుడు జాన్ మార్టిన్ షార్కో 1869లో దీనిని వివరించెను. లక్షణములు కనబడిన పిదప పలువురు 2 నుండి 5 సంవత్సరములు మాత్రమే జీవింతురు. కొందరు చాలకాలము బ్రతుకుదురు. ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు స్టీఫెన్ హాకింగ్ నకు 1963లో, 21 ఏండ్ల వయసున, ఈ వ్యాధి ఉన్నట్లు తెలిసినది. ఆయన 2018 వరకు జీవించెను.

ఇది మనకు పరాయి జబ్బు కాదు. బెంగళూరులోని నిమ్హాన్స్ వైద్యులు 30 సంవత్సరములలో తాము చూచిన 1,153 మంది ఎ.ఎల్.ఎస్. రోగుల వివరములను 2008లో ప్రకటించిరి. వారికి వ్యాధి మొదలైన సగటు వయసు సుమారు 46 సంవత్సరములు. అనగా ఇంటి బరువు మోయుచున్న వయసున ఇది మనిషిని పడగొట్టుచున్నది. దక్షిణ భారతమున యువకులలో కనబడుచు, చెవుడుతో కూడి, మెల్లగా ముదురు ఒక రకమును 1970లో మద్రాసు వైద్యులు గుర్తించిరి. దానికి మద్రాసు మోటార్ న్యూరాన్ వ్యాధి అనియే పేరు. ఇది అంటువ్యాధి కాదు. నూటికి సుమారు పదిమందిలో మాత్రము వంశానుగతముగా వచ్చును. చేతబడి వలన గాని, పాపము వలన గాని వచ్చునది కాదు. రోగిని గాని, రోగి ఇంటివారిని గాని వెలివేసినట్లు చూచుట తగదు.

పరీక్ష ఎందులకు?

“కొత్త మందు వచ్చినది గదా! ఒక రోగికి ఇచ్చి చూచిన సరిపోదా?” అని మీరు అడుగవచ్చును. సరిపోదు. ఈ వ్యాధి అందరిలో ఒకే వేగమున నడువదు. ఒకనికి ఆరు నెలలలో నడక పోవును; మరొకనికి మూడేండ్లు పట్టును. కొందరిలో కొన్ని నెలలపాటు దానంతట అదియే నిలిచినట్లుండును. ఆ నెలలలో మందు వేసినచో, నిలిపినది మందే అని రోగియు, వైద్యుడును నమ్ముదురు. ఇరువురును అబద్ధమాడుటలేదు, అయినను ఇరువురును పొరబడుచున్నారు.

ఇట్టి పొరపాటును తప్పించు ఉపాయము రైతులకు తెలిసినదే. కొత్త ఎరువు గుణము తెలియవలెనన్నచో మంచి మడిలో కొత్త ఎరువు, చవుడు మడిలో పాత ఎరువు వేసి పోల్చరు. ఒకే నేలను రెండు భాగములు చేసి, ఒకే విత్తనము, ఒకే నీరు ఇచ్చి, ఒక భాగమున కొత్త ఎరువు వేసి, రెండవ భాగమును దానితో పోల్చి చూతురు. మందు పరీక్షలోను ఇదియే సూత్రము. రోగులను చీట్లు వేసినట్లుగా రెండు జట్లుగా విభజింతురు. ఒక జట్టునకు కొత్త మందు, రెండవ జట్టునకు చూచుటకు అట్లే ఉండి మందులేని బిళ్ళ ఇత్తురు. దీనిని ప్లాసిబో అందురు. ఎవరికి ఏది ఇచ్చిరో రోగికి తెలియదు. బలము కొలిచి మార్కులు వేయు వైద్యునికిని తెలియదు. తెలిసినచో ఆశ చేయి కొలతలోనికి వచ్చును. మాట, మింగుడు, వ్రాత, నడక, ఊపిరి మొదలైన 12 విషయములకు, ఒక్కొక్కదానికి 4 మార్కుల చొప్పున మొత్తము 48 మార్కులు పెట్టి, నెలనెల ఎన్ని తగ్గుచున్నవో లెక్కింతురు.

దీనికి ముందు మెట్లు కలవు. తొలుత ప్రయోగశాలలోను, ఎలుకల వంటి జంతువులలోను పరీక్షింతురు. పిదప మొదటి దశలో కొద్దిమందికి ఇచ్చి ప్రమాదము లేని మోతాదు ఏదో చూతురు. రెండవ దశలో మరికొందరికి ఇచ్చి గుణము ఉన్నట్లు సూచనలున్నవా అని చూతురు. మూడవ దశలో వందలమందికి ఇచ్చి నిజము తేల్చుదురు.

ఇట్టి పరీక్షలు మన ప్రాంతమునకు కొత్త కాదు. 1956లో మద్రాసులో స్థాపింపబడిన క్షయ చికిత్సా కేంద్రమున 193 మంది క్షయరోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టును శానిటోరియములోను, రెండవ జట్టును ఇంటివద్దనే ఉంచి, ఒకే మందులు ఇచ్చిరి. ఇంటివద్ద ఉన్నవారును ఇంచుమించు అంతే చక్కగా కోలుకొనిరని 1959లో ప్రకటించిరి. నేడు క్షయరోగి తన ఊరిలోనే ఉండి మందు తీసికొనగలుగుటకు ఆ పరీక్ష ఒక పునాది.

మూడు మందుల కథ

మోటార్ న్యూరాన్ వ్యాధి విషయమున మూడు మందుల కథ వినుడు.

మొదటిది రిలుజోల్. 155 మందిపై జరిగిన పరీక్ష ఫలితము 1994లో వెలువడినది. పిదప 959 మందిపై మరొక పెద్ద పరీక్ష జరిపిరి. అందును గుణము కనబడినది. 1995 డిసెంబరులో అమెరికా ప్రభుత్వము అనుమతి ఇచ్చినది. ఈ మందు వ్యాధిని నయము చేయదు. ఆయువును సగటున రెండు మూడు నెలలు పొడిగించును. లాభము స్వల్పమే, కాని నిజమైనది. మన దేశమునను ఈ మందు లభించుచున్నది.

రెండవది మినోసైక్లిన్. ఇది ఇతర జబ్బులకు చిరకాలముగా వాడుచున్న మందు. వ్యాధి ఉన్న ఎలుకలకు ఇచ్చినప్పుడు మేలు చేసినది. పాత మందు, చవుక మందు, ఎలుకలలో ఫలించిన మందు; మనుషులలో ఏల ఫలించదు అని పలువురు తలచిరి. అమెరికాలో 412 మంది రోగులపై పరీక్షించి ఫలితమును 2007లో ప్రకటించిరి. మినోసైక్లిన్ తీసికొన్నవారు మందులేని బిళ్ళ తీసికొన్నవారికంటె 25 శాతము ఎక్కువ వేగముగా క్షీణించిరి. పరీక్ష లేకుండ ఆశతో అందరికి ఇచ్చియుండినచో ఈ కీడు ఎవరి కంటను పడకపోవును. రోగి త్వరగా క్షీణించినప్పుడు జబ్బు గుణమే అంత అని అందరును అనుకొనెడివారు.

మూడవది ఎ.ఎమ్.ఎక్స్.0035 అను మందు. సోడియం ఫినైల్ బ్యూటిరేట్, టారర్సోడియాల్ అను రెండు పదార్థముల కలయిక ఇది. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయమున చదువుచున్న ఇరువురు విద్యార్థుల మనస్సున పుట్టిన ఆలోచన. ఎ.ఎల్.ఎస్. పరిశోధనకై 2014లో ప్రజలు తలపై చన్నీరు గుమ్మరించుకొనుచు చందాలు పోగుచేసిన ఉద్యమము మీలో కొందరికి తెలిసియుండును. ఆ నిధిలో కొంత ఈ మందునకును చేరినది. 137 మందిపై 24 వారములు జరిపిన పరీక్షలో మందు తీసికొన్నవారికి నెలకు సుమారు 1.24 మార్కులు తగ్గగా, మందులేని బిళ్ళ తీసికొన్నవారికి 1.66 తగ్గినవి. ఈ ఫలితము 2020లో వెలువడినది.

రోగులు ఆశపడిరి. మాకు కాలము లేదు, మందు ఇప్పించుడని ప్రభుత్వమును వేడుకొనిరి. 2022 మార్చిలో అమెరికా ప్రభుత్వపు సలహా సంఘమున ఆరుగురు సాక్ష్యము చాలదనిరి, నలుగురు చాలుననిరి. సెప్టెంబరులో మరల సమావేశమై ఏడుగురు అనుకూలముగాను, ఇద్దరు ప్రతికూలముగాను చెప్పిరి. పెద్ద పరీక్ష అప్పటికే జరుగుచుండెను. అందు మందు ఓడినచో తామే దానిని ఉపసంహరించుకొందుమని కంపెనీవారు సభలో మాట ఇచ్చిరి. 2022 సెప్టెంబరు 29న అనుమతి లభించినది. దాని వెల సంవత్సరమునకు సుమారు 1,58,000 డాలర్లు.

పెద్ద పరీక్షలో 664 మంది రోగులు 48 వారములు పాల్గొనిరి. 2024 మార్చి 8న ఫలితము తెలిసినది. మందు తీసికొన్నవారికిని, మందులేని బిళ్ళ తీసికొన్నవారికిని చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. ఏప్రిల్ 4న కంపెనీ మందును ఉపసంహరించుచున్నట్లు ప్రకటించినది. చిన్న మడిలో కనబడిన పంట పెద్ద పొలమున కనబడలేదు.

ఈ 664 మంది శ్రమ వ్యర్థమైనదని తలపరాదు. వారు పాల్గొననిచో, పనిచేయని మందునకు ప్రపంచమున ఎన్నో కుటుంబములు ఆస్తులు అమ్ముకొనుచునే యుండును. పరిశోధకులు ఆ దారినే నడచుచు కాలము పోగొట్టుకొందురు.

మందులేని బిళ్ళ ధర్మమా?

“చావు బ్రతుకుల మధ్య ఉన్నవానికి మందులేని బిళ్ళ ఇచ్చుట ధర్మమా?” ఇది బరువైన ప్రశ్న. దీనిని త్రోసిపుచ్చరాదు. మా సమాధానము ఇది. కొత్త మందు మేలు చేయునో కీడు చేయునో పరీక్షకు ముందు ఎవరికిని తెలియదు. మినోసైక్లిన్ పరీక్షలో మందులేని బిళ్ళ వచ్చినవారే అదృష్టవంతులైరి. ఇక, ఈ పరీక్షలలో పాల్గొనువారు సాధారణముగా రిలుజోల్ మానుకొనవలసిన పనిలేదు. కొత్త పద్ధతులలో మందులేని జట్టును చిన్నదిగా చేయుచున్నారు. అమెరికాలో 2020లో ప్రారంభమైన హీలీ పరీక్షలో పలు మందులను ఒకే ఏర్పాటు క్రింద పరీక్షించుచు, ప్రతి నలుగురిలో ముగ్గురికి మందును, ఒకరికి మందులేని బిళ్ళను ఇత్తురు. పెక్కు పరీక్షలలో నిర్ణీత కాలము ముగిసిన పిదప అందరికిని మందు ఇచ్చు ఏర్పాటు కలదు.

ఇంత చేసినను ఆ రోగి త్యాగము తక్కువది కాదు. మిగిలిన కొద్ది కాలములో ఎన్నో దినములు అతడు ఆసుపత్రి ప్రయాణములకే వెచ్చించుచున్నాడు. అందుచేతనే అతని సమ్మతి నిజమైన సమ్మతి కావలెను. అన్నియు విని, తెలిసికొని, వద్దనగలిగియుండియు సరేనన్నదే సమ్మతి.

ఫలించిన శ్రమయు లేకపోలేదు. ఎస్.ఒ.డి.1 అను జన్యువులోని దోషము ఈ వ్యాధికి ఒక కారణమని 1993లో కనుగొనిరి. రోగులలో నూటికి సుమారు ఇద్దరిలో మాత్రమే ఈ దోషముండును. వారికొరకు టోఫర్సెన్ అను మందు తయారైనది. దీనిని వెన్నులోనికి సూదిద్వారా ఎక్కింతురు. 108 మందిపై 28 వారములు జరిపిన పరీక్షలో మార్కుల విషయమున నిశ్చితమైన భేదము తేలలేదు. కాని నాడీకణములు నశించునప్పుడు రక్తములోనికి వచ్చు పదార్థము బాగుగా తగ్గినది. ఆ ఆధారమున 2023 ఏప్రిల్ లో అమెరికా ప్రభుత్వము షరతులతో అనుమతి ఇచ్చినది. పరిశీలన ఇంకను సాగవలసియున్నది.

మన దేశపు నిబంధనలు

మన దేశమున ఈ విషయమై 2019లో కేంద్ర ప్రభుత్వము నూతన ఔషధముల, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలను ప్రకటించినది. కొత్త మందును మనుషులపై పరీక్షించుటకు కేంద్ర ఔషధ నియంత్రణాధికారి అనుమతి కావలెను. ఎథిక్స్ కమిటీ అను నైతిక పరిశీలన సంఘము కూడ ఆమోదింపవలెను. ఆ సంఘమున కనీసము ఏడుగురు సభ్యులుందురు. వారిలో వైద్యేతరులును, ఒక సామాన్య పౌరుడును, స్త్రీ సభ్యురాలును ఉండవలెను. పరీక్షను ఐ.సి.ఎమ్.ఆర్. వారు నడుపు జాతీయ పట్టికలో ముందుగా నమోదు చేయవలెను. ఈ పట్టికను ఎవరైనను చూడవచ్చును.

సమ్మతి పత్రము రోగికి తెలిసిన భాషలో ఉండవలెను. చదువురానివారికి చదివి వినిపించునప్పుడు, పరీక్షతో సంబంధములేని సాక్షి ఆద్యంతము దగ్గర ఉండవలెను. ఒక ప్రతిని రోగికి ఇయ్యవలెను. రోగి ఎప్పుడైనను తప్పుకొనవచ్చును. తప్పుకొన్నందులకు సాధారణ వైద్యము నిరాకరింపరాదు. పరీక్ష వలన హాని కలిగినచో ఉచిత వైద్యమునకును, మరణమో శాశ్వత వైకల్యమో కలిగినచో నష్టపరిహారమునకును నిబంధనలు కలవు.

ఈ జాగ్రత్త ఏల అనగా, మన తెలుగు నేలపైననే ఒక అనుభవము కలదు. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్ లోని, నేటి తెలంగాణలోని ఖమ్మం జిల్లాలో వేలాది బాలికలకు గర్భాశయ ముఖ క్యాన్సరు నివారణ టీకాను ఒక అధ్యయనములో భాగముగా వేసిరి. వారిలో గిరిజన బాలికలు చాలమంది. తల్లిదండ్రులకు బదులు హాస్టలు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు పలు పత్రములపై సంతకములు చేసినట్లు తరువాత బయటపడినది. 2010 ఏప్రిల్ లో కేంద్ర ప్రభుత్వము దానిని నిలిపివేసినది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘము తీవ్రముగా విమర్శించినది. కొందరు బాలికల మరణములకు టీకా కారణమని విచారణలో తేలలేదు. టీకా మంచిదే కావచ్చును. తల్లిదండ్రులను అడుగకుండుట మాత్రము తప్పే. ఊరి పెద్దల మాటయైనను రోగి సమ్మతికి బదులు కానేరదు.

మీరు చేయదగినవి

పంచాయతి సభ్యులుగా మీరు చేయదగిన పనులు కొన్ని కలవు.

ఒకటి: చేతులు కాళ్ళు క్రమముగా క్షీణించుచు, మాట ముద్దగా మారుచున్నవారు మీ వార్డులో ఉన్నచో, ఆశా కార్యకర్త ద్వారా ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకును, అక్కడ నుండి నరముల వైద్యులున్న పెద్ద ఆసుపత్రికిని పంపించుడు. ఇతర జబ్బులును ఇట్లే కనబడవచ్చును. వానిలో కొన్ని నయమగునవి.

రెండు: కొత్త మందు పరీక్ష అని ఎవరైన వచ్చినచో నాలుగు ప్రశ్నలు అడుగుడు. ప్రభుత్వ అనుమతి ఉన్నదా? జాతీయ పట్టికలో నమోదు సంఖ్య ఎంత? ఎథిక్స్ కమిటీ ఏది? హాని కలిగినచో బాధ్యత ఎవరిది? జవాబు కాగితముపై చూపలేనివారిని పంపివేయుడు.

మూడు: పరీక్షకు రోగి డబ్బు చెల్లించవలసిన పనిలేదు. మూల కణములు ఎక్కించి ఈ వ్యాధిని నయము చేసెదమని లక్షలు అడుగువారు కలరు. 2017 నాటి జాతీయ మార్గదర్శక సూత్రముల ప్రకారము ఇట్టి జబ్బులకు మూల కణములను అనుమతి పొందిన పరీక్షలలో తప్ప వాడరాదు. పొలము అమ్మబోవు కుటుంబమునకు ఈ మాట సకాలమున చెప్పుడు.

నాలుగు: రోగి పరీక్షలో చేరుదునన్నను, చేరనన్నను ఒత్తిడి చేయకుడు. నిర్ణయము అతనిది. సాక్షిగా పిలిచినచో పత్రమంతయు చదివించి వినుడు, తెలియనిదానిని అడుగుడు, అప్పుడే సంతకము చేయుడు.

ఐదు: మందు లేదన్నంత మాత్రమున చేయదగినది లేదని తలపకుడు. మెత్తని ఆహారము, మ్రింగలేనప్పుడు గొట్టము ద్వారా ఆహారము, రాత్రివేళ ఊపిరికి తోడ్పడు యంత్రము, చక్రముల కుర్చీ, అక్షరముల పలకపై చూపించి మాటలాడు ఏర్పాటు, ఇవి రోగి జీవితమును సుఖవంతము చేయును. ఊపిరి యంత్రము కొందరి ఆయువును కూడ పెంచును. వైకల్య ధ్రువపత్రమునకు దరఖాస్తు చేయించుట, పంచాయతి కార్యాలయమునకును, వీధి కుళాయికిని చక్రముల కుర్చీ పోవునట్లు వాలుదారి వేయించుట మీ చేతిలోని పనులు. రేయింబవళ్ళు సేవచేయు ఇల్లాలికి ఒక పూట విశ్రాంతి దొరకునట్లు ఇరుగుపొరుగువారిని వంతులు వేసికొనుడని చెప్పుటయు మీ చేతిలోనిదే.

ఈ వ్యాధిని నయము చేయు మందు నేటివరకు లేదు. దానికొరకు పలు దేశములలో పరీక్షలు సాగుచున్నవి. రేపు అట్టి పరీక్ష ఒకటి మన రాష్ట్రములలోని ఆసుపత్రికి వచ్చి, మీ ఊరి రోగి ఒకడు అందు చేరుటయా మానుటయా అని ఆలోచింపవచ్చును. ఆ దినమున పత్రము చదివి వినిపించుటకు అతని ప్రక్కన కూర్చుండువారు మీరే కావలెనని కోరుచున్నాము.